ఆరో ఏటి దవడ పన్ను

మునగాల దగ్గర ఓ సర్కారు బడిలో దంతాల మీద అవగాహన కార్యక్రమం అంటే ఈ వారం వెళ్లాను. ప్లాస్టిక్ దవడ, మూరెడు బ్రష్షు తెచ్చారు. పిల్లలకు తెగ నచ్చాయి. నాకూ నచ్చాయి. నచ్చనిది తర్వాతి సంగతి. మాట్లాడుతున్న పెద్దమనిషి ముందు వరసలోని ఓ పిల్లాణ్ని లేపి, "ఏరా, పళ్లు తోమవా?" అన్నాడు. వాడి ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు. కూర్చున్నవాడు మళ్లీ నోరు విప్పలేదు, అందరినీ "ఆ" అనమన్నప్పుడు కూడా.

గారపళ్లంటే ఏమిటో ఉమ్మడి నల్గొండ వాళ్లకు చెప్పాలా? అది పాచి కాదు. చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే, తాగే నీళ్లలో ఎక్కువైన ఫ్లోరైడ్ పింగాణీ పొరను పాడుచేస్తుంది. ముందు పళ్లకు సంబంధించినంత వరకు, పన్ను బయటికొచ్చేసరికే అన్యాయం జరిగిపోయి ఉంటుంది. ఆ మరక ఎంత తోమినా పోదు. మర్రిగూడ, మునుగోడు వైపు నవ్వాల్సి వస్తే కొంగు అడ్డం పెట్టుకున్న ఆడపిల్లలున్నారు. వెన్ను వంగి, కాళ్లు వంకరపోయి మంచాన పడ్డవాళ్లూ ఉన్నారు. ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగొద్దని మన ప్రమాణాలు చెబుతాయి. కానీ ఊళ్లో ఉన్నది బోరొక్కటే అయితే ప్రమాణం ఎవరి దాహం తీరుస్తుంది? 1970లలో నాగపూర్ 'నీరి' శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతి కనిపెట్టి, దానికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. జిల్లా పేరు ప్రపంచమంతా పాకింది. నది నీళ్లు మాత్రం ఊళ్లకు అంత తొందరగా పాకలేదు. ఎన్ని ధర్నాలయ్యాకో 2016లో మిషన్ భగీరథ మొదలైంది.

అందుకే మా వైపు ఫ్లోరైడ్ అంటే విషం. పేస్టు మీద ఆ మాట కనబడితే డబ్బా తిరిగి అరలో పెట్టేసే తల్లులను చూశాను. పైగా నా వేపపుల్ల పిచ్చి ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. చేదు నోటికి మంచిదనీ, పేస్టు కంపెనీల నురగ కంటే పెరటి చెట్టు మేలనీ ఎన్నిసార్లు రాశానో. ఈసారీ అదే రాసి ముగించొచ్చు.

కానీ నీళ్లు మారాయి. కుళాయిలో నది నీళ్లు వచ్చే ఊళ్లలో పిల్లల పళ్లకు ఇప్పుడు అసలు శత్రువు తీపి. బిస్కెట్టు, చాక్లెట్టు పళ్ల సందుల్లో నిలిస్తే సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. పన్ను పుచ్చేది అక్కడే. దాన్ని ఆపడానికి పైపైన తగిలే కాస్త ఫ్లోరైడే మందు. కడుపులోకి రోజూ లీటర్ల కొద్దీ పోయింది వేరు, పన్నుకు తగిలి బయటికి ఉమ్మేసేది వేరు.

ఇంకో సంగతి. ఆరో ఏట పాలపళ్ల వెనక మొదటి శాశ్వత దవడ పన్ను వస్తుంది. దానికి చోటివ్వడానికి ఏ పన్నూ ఊడదు. పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదకు విసరడానికి ఏమీ ఉండదు కనుక ఇంట్లో ఎవరూ గమనించరు. పాలపన్నేలే, ఊడిపోతుందిలే అనుకుంటారు. బతుకంతా నమలాల్సిన పన్ను ఒకటో తరగతిలోనే పుచ్చడం మొదలవుతుంది. ఆ మూలకు పిల్లల చేతిలోని వేపపుల్ల అందదు. చిన్న బ్రష్షు అందుతుంది.

రాత్రి పడుకునే ముందు తోమించమని తల్లులకు చెబుతున్నారు. చెప్పాల్సిందే. కానీ నాట్ల రోజుల్లో పొద్దుగూకి ఇల్లు చేరిన తల్లి వంట ముగించేసరికి పిల్లలు నిద్రలో ఉంటారు. అందుకని ఒక పూట బడే తీసుకోవాలి. మధ్యాహ్న భోజనం అయ్యాక కుళాయి దగ్గర అందరూ కలిసి రెండు నిమిషాలు. ఏడాదికోసారి ఉపన్యాసం కంటే అది నయం.

వేపపుల్ల నాకుండనీయండి. ఒకటో తరగతికి బ్రష్షులివ్వండి, ఫ్లోరైడ్ పేస్టూ ఇవ్వండి. బ్రష్షు మీద బఠాణీ గింజంత చాలు. ట్యూబు మాత్రం సారు దగ్గరే ఉండాలి. తియ్యగా ఉంటుంది, మింగేస్తారు.