సెట్టు గోడలు – సర్వరు గదులు

హైదరాబాదులోని జూబిలీ హిల్సు, ఫిల్ం నగర్ ప్రాంతములు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయములు. అచటి స్టూడియోలలో సెట్టు వేయు విధానము చూడముచ్చటగా నుండును. చెక్క చట్రములు, ప్లైవుడ్డు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ – వీనితో కొలది దినములలోనే పెద్ద మేడ లేచును. తలుపులు, కిటికీలు, మెట్లు అన్నియు పటములోని కొలతల ప్రకారమే యుండును. కాని తలుపు తెరచి లోనికి పోయినచో గది యుండదు; గోడను నిలిపిన ఊతకర్రలు మాత్రమే కనుపించును. కెమేరాకు అంత చాలును, కాపురమునకు చాలదు.

నేడు కంప్యూటరు రంగమున మిక్కిలి ప్రచారములో నున్న ఒక పద్ధతిని పరీక్షించుటకు ఈ పోలిక పనికివచ్చును. ఎ.పి.ఐ. వివరణపత్రమును బట్టి సర్వరు ప్రోగ్రామును యంత్రముచేతనే వ్రాయించుట ఆ పద్ధతి.

ఎ.పి.ఐ. యన నేమి? సినిమా టికెట్టు కొనువాని ఫోను దూరమందున్న సర్వరుతో సంభాషింపవలెను. "ఈ ఆటకు ఏ సీట్లు ఖాళీగా నున్నవి?" అని యడుగవలెను, "ఎఫ్ 12 కావలెను" అని చెప్పవలెను. ఏ ప్రశ్న ఏ చిరునామాకు పోవలెను, అందు ఏయే అంశము లుండవలెను, జవాబు ఏ రూపమున వచ్చును – ఈ ఒడంబడికయే ఎ.పి.ఐ. దీనిని యంత్రము చదువగల రీతిలో వ్రాయు పద్ధతులలో ఓపెన్ ఎ.పి.ఐ. ప్రసిద్ధమైనది. మొదట స్వాగర్ అను పేర వెలసిన ఈ పద్ధతి, 2015లో లినక్సు ఫౌండేషను ఆశ్రయమున ఏర్పడిన సంఘము చేతికి వచ్చినది. దానిని చదివి ప్రోగ్రాము వ్రాయు ఓపెన్ ఎ.పి.ఐ. జనరేటరు 2018లో వెలువడినది. భావము మాత్రము పాతదే. దూరపు యంత్రములోని పనిని పిలుచుటకు వలయు ప్రోగ్రాము భాగములను ఒడంబడికనుండి యంత్రమే తయారుచేయు విధానమును బిరెల్, నెల్సన్ అను శాస్త్రజ్ఞులు 1984లోనే వివరించిరి.

ఈ పద్ధతి గుణములు స్వల్పములు కావు. టికెట్ల సంఖ్య పూర్ణాంకమనియు, 1కి తగ్గరాదనియు, 6కు మించరాదనియు పత్రములో వ్రాసినచో, దానికి తగిన తనిఖీని అనేక భాషలలో యంత్రమే వ్రాసి యిచ్చును. ఫోను ప్రోగ్రాము వ్రాయువారును, సర్వరు వ్రాయువారును ఒకేనాడు పని ప్రారంభింపవచ్చును. అక్షరదోషములు, అంశముల పేర్లలో తేడాలు తగ్గును.

లోపము ఎచట నున్నది? ఒకే సీటును ఇద్దరు ఒకే క్షణమున కోరిరనుకొనుడు. సర్వరు మొదటివాని కొరకు చూడగా సీటు ఖాళీ. రెండవవాని కొరకు చూడగా అప్పటికిని ఖాళీయే. ఇద్దరి పేరనువ్రాసి, ఇద్దరియొద్దను సొమ్ము తీసికొనును. థియేటరులో కుర్చీ ఒక్కటే. అమ్ముడుపోయిన సీటును కోరినచో 409 అను సంఖ్యతో జవాబు వచ్చునని పత్రములో వ్రాయవచ్చును. కాని ఆ జవాబు నెప్పుడీయవలెనో, ఒకరి పని ముగియువరకు రెండవవానిని ఎట్లు నిలిపియుంచవలెనో జనరేటరునకు తెలియదు. అచట నది ఖాళీ స్థలము విడుచును. తలుపు వెనుక గది లేని చోటు అదియే.

మరియొక చిక్కు. పత్రమును సవరించి మరల యంత్రమును నడిపినచో, చేతితో వ్రాసిన భాగములు చెరిగిపోవచ్చును. అందుచే వివేకవంతులు యంత్రరచనను ఒక చోటను, స్వయంరచనను వేరొక చోటను ఉంచెదరు.

పత్రమునకు అందని విషయములు ఇంకను గలవు. సినిమా టికెట్లను ప్రభుత్వ నిర్వహణలో ఆన్‌లైనున అమ్ముటకై ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2021 నవంబరులో చట్టసవరణ చేసినది. టికెట్లమ్ము సంస్థయు, మల్టీప్లెక్సుల సంఘమును న్యాయస్థానమున కెక్కగా, 2022 జూలైలో హైకోర్టు ఆ ఏర్పాటు అమలును నిలిపివేసినది. అచటి తగవు అంశముల పేర్లను గూర్చినది కాదు. నడుమ నెవరుండవలెను, ఎవరి హక్కు లెంతవరకు అనునదే. అట్టి తగవు తీరినపిమ్మటనే ఒడంబడిక వ్రాయుట సాధ్యము. తీరకమునుపు ఎంత చక్కని జనరేటరైనను చేయగలది లేదు.

కాబట్టి ఈ సాధనమును నిందించుట తగదు. సర్వరంతయు దానియంతట నదే తయారగునని పొగడుటయు తగదు. అది రూపమును కాపాడును, అర్థమును కాపాడజాలదు. ఉపాధ్యాయులు తరగతిలో విద్యార్థులచే ఒక చిన్న గ్రంథాలయమునకు ఇట్టి పత్రము వ్రాయించి చూడవచ్చును. పుస్తకపు సంఖ్య ఏ రూపమున నుండవలెనో వారు సులభముగనే వ్రాయుదురు. ఉన్న ఒక్క ప్రతిని ఇద్దరు అడిగినచో ఎవరికీయవలెను? ఆ ప్రశ్న పుట్టిన చోటనే మనుష్యుని పని ప్రారంభమగును.