ఆకాశం నుంచి అండమాన్ ఇసుక మీదికి

2025 జనవరి 2న విశాఖ ఆర్కే బీచ్‌లో జనం ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు. నౌకాదళ విన్యాసాలకు రిహార్సల్ జరుగుతోంది. పైనుంచి దిగుతున్న ఇద్దరి పారాచూట్లు గాలిలో ఒకదానికొకటి చుట్టుకున్నాయి. గిరగిరా తిరుగుతూ ఇద్దరూ సముద్రంలో పడ్డారు. అక్కడే కాచుకుని ఉన్న నేవీ పడవ వాళ్లను క్షేమంగా పైకి లాగింది. రెండు రోజులకే, 4వ తేదీన, అదే తీరంలో అసలు ప్రదర్శన జరిగింది.

ఆ పడవ ఎవరి కంటా పడదు. వీడియోల్లో కనిపించేది రంగుల గొడుగు, దాని కింద వేలాడే మనిషి. ఈ విద్య తెలిసినవాళ్లు మాత్రం ముందు పడవ ఎక్కడుందో చూస్తారు, ఆ తర్వాతే ఆకాశంలోకి తలెత్తుతారు.

విశాఖ నుంచి ఓడెక్కితే బంగాళాఖాతం అవతల అండమాన్. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగే. దిగ్లీపూర్ నుంచి కాంప్‌బెల్ బే దాకా దీవి తర్వాత దీవి మీద పారాచూట్లతో దిగుతూ, ఒక మంచి పని కోసం నలుగురినీ కదిలించే యాత్ర ఇంతకన్నా ఎక్కడ శోభిస్తుంది? ప్రపంచంలో ఇలాంటివి జరిగాయి. 2023 జనవరిలో అమెరికా మాజీ సైనికుల బృందం ఒకటి అంటార్కిటికాతో మొదలుపెట్టి ఒక్క వారంలో ఏడు ఖండాల మీద దూకింది. ప్రాణాలర్పించిన సైనికుల పిల్లల చదువులకు నిధులు పోగుచేయడం వారి సంకల్పం. అంతకు ముందు, 2009లో, కాలిఫోర్నియాలోని పెర్రిస్‌లో 181 మంది మహిళలు గాలిలో చేతులూ కాళ్లూ పట్టుకుని ఒకే ఆకృతిగా నిలిచి ప్రపంచ రికార్డు సాధించారు. అది రొమ్ము క్యాన్సర్ పరిశోధనకు విరాళాల కోసం చేసిన సాహసం. గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంతో పడిపోతూ, పక్కమనిషిని కుదపకుండా మెత్తగా వెళ్లి చెయ్యి కలపాలి. ఒక్కరు తొందరపడితే చాలు, పూలదండ తెగినట్టు ఆకృతి అంతా చెదిరిపోతుంది. అటువంటి చోట నూట ఎనభై ఒక్కరు తప్పు చెయ్యలేదు!

చరిత్ర సంగతి రెండు ముక్కల్లో చెప్పుకోవచ్చు. 1797లో పారిస్ మీద గార్నెరాన్ బెలూన్ నుంచి పారాచూట్‌తో దిగాడు. ఇప్పటి దీర్ఘచతురస్రపు పారాచూట్‌కు మూలపురుషుడు 1960లలో దాన్ని రూపొందించిన డొమినా జల్బర్ట్. తన విమానం రెక్కను కొలిచి ఆ కొలతల్లోనే గుడ్డ కుట్టాడని చెప్పుకుంటారు. మన దేశంలో 1959లో వైమానిక దళ వైద్యురాలు గీతా చందా దూకి తొలి మహిళా పారాట్రూపర్ అయ్యారు. 1987లో వైమానిక దళం వారి స్కైడైవింగ్ జట్టు ఆకాశ్‌గంగ పుట్టింది.

అసలు రుచి పనితనంలో ఉంది. పదమూడు వేల అడుగుల నుంచి దూకితే ఫ్రీఫాల్, అంటే గొడుగు విప్పకముందు పడే కాలం, సుమారు నిమిషం. ఛాతీ ముందుకు, నడుము విల్లులా వంచి, చేతులూ కాళ్లూ వెనక్కి వదులుగా పెట్టాలి. ఆ వంపు కుదిరితేనే ఒళ్లు గాలి మీద నిలకడగా పడుకుంటుంది. కుదరకపోతే బొంగరమే. మూడు నాలుగు వేల అడుగుల ఎత్తులో గొడుగు విప్పాలి. అక్కడితో పని అయిపోయిందనుకుంటారు చూసేవాళ్లు. నిజానికి అప్పుడే మొదలవుతుంది. విప్పిన గొడుగు రెక్కలాంటిది, ముందుకు పరుగెడుతూనే ఉంటుంది. చేతుల్లోని రెండు పట్టీలే దానికి కళ్లెం. గాలి వాలుకు ఒక పరుగు, అడ్డంగా ఒక మలుపు, చివరికి గాలికి ఎదురు తిరిగి ఆఖరి దారి. నేలకు మనిషెత్తు దూరంలో రెండు పట్టీలూ సమంగా కిందికి లాగితే గొడుగు ఒక్క క్షణం ఆగినట్టు నిలబడి మనిషిని మెట్టు దింపినట్టు దింపుతుంది. దాన్ని ఫ్లేర్ అంటారు. ముందే లాగితే పైనుంచి ధబ్బున పడతాడు, ఆలస్యమైతే మోకాళ్లు విరుగుతాయి.

పోటీల్లో ఈ దిగడాన్ని సెంటీమీటర్లతో కొలుస్తారు. వెయ్యి మీటర్ల ఎత్తు నుంచి దూకి, రెండు సెంటీమీటర్ల బిళ్ల మీద మడమ ఆనించాలి. పావలా కాసంత చోటు! ఈ కాలపు కుర్రకారు నేలబారుగా వేగంతో దూసుకుపోయే విన్యాసాలకు చప్పట్లు కొడతారేమో గానీ, విద్య అంటే ఈ మడమే.

అండమాన్‌లో ఆ మడమకు అగ్నిపరీక్ష. ఇసుక సన్నగా ఉంటుంది, పోటు వేళ ఇంకా తగ్గిపోతుంది. ఒక పక్క ఎత్తయిన అడవి, మరో పక్క పగడపు దిబ్బలు, కొన్ని కయ్యల్లో మొసళ్లు. పైన ఒక దిక్కున వీచే గాలి కింద మరో దిక్కుకు తిరుగుతుంది. విమానంలోంచి ఎక్కడ బయటికి దూకాలో లెక్క కట్టేవాడు కొద్ది సెకన్లు తప్పితే జట్టంతా సముద్రం మీద ఉంటుంది. అందుకే నీటిలో దిగే శిక్షణ లేనివాడు ఈ యాత్రకు అనర్హుడు. నీళ్లలో పడ్డాక తడిసిన గుడ్డ మీదికి కప్పుకుంటుంది. తాళ్లలో చిక్కకుండా హార్నెస్ విప్పుకుని, గుడ్డ కుట్టు వెంబడి చేతులు జరుపుకుంటూ అంచు దాటి బయటపడాలి. ఈతకొలనులో అభ్యాసం చేస్తే గానీ ఒంటబట్టని పని అది.

కాలం కూడా కలిసిరావాలి. మే నుంచి నైరుతి, ఆ వెనకే ఈశాన్యం. కాస్త తెరిపి జనవరి నుంచి ఏప్రిల్ దాకానే. ఇక అనుమతులు. 2001లో ఏర్పడిన త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్ ఇక్కడిది. దిగ్లీపూర్ దగ్గర ఐఎన్‌ఎస్ కోహాసా, కాంప్‌బెల్ బేలో ఐఎన్‌ఎస్ బాజ్, రెండూ నౌకాదళ స్థావరాలే. కార్ నికోబార్‌లోని వైమానిక స్థావరాన్ని 2004 సునామీ తుడిచిపెట్టింది. అక్కడ దిగాలంటే కాళ్లకన్నా ముందు తల వంచాలి. జారవాల అడవి మీద, సెంటినెల్ దీవి చుట్టుపక్కల దిగే ఊసే ఎత్తకూడదు. 1956 చట్టం అక్కడి ఆదివాసులకు ఇచ్చిన రక్షణ అది. దాన్ని దాటి గొడుగు వాల్చే సాహసి సాహసి కాడు.

మరొక సంగతి ఎవరూ ఆలోచించరు. దూర దీవుల్లో ప్రాణం మీదికి వచ్చిన రోగిని దీవుల రాజధాని శ్రీ విజయపురంలోని జీబీ పంత్ ఆసుపత్రికి చేర్చేది చాలాసార్లు హెలికాప్టరే. దూకడానికి ఆ హెలికాప్టర్‌నే అడిగితే ఇక దానధర్మం మాటెందుకు? యాత్ర తన విమానాన్ని తానే తెచ్చుకోవాలి. దీవుల రోగుల ప్రయాణానికే నిధులు సేకరిస్తే ఇంకా మేలు.

ఇంత పనితనం ఉన్న విద్యకు ఇప్పుడు పట్టిన గతి చూస్తే కడుపు రగిలిపోతుంది. పడవ వెనక తాడు కట్టి లాగే పారాసెయిలింగ్‌ను కూడా స్కైడైవింగ్ అనేస్తున్నారు. శిక్షకుడి ఛాతీకి మూటలా కట్టించుకుని దూకి, చేతిలో బ్యానర్ పట్టుకుంటే ‘అవగాహన యాత్ర’ అంటున్నారు. సరదాకు టాండెమ్ దూకితే ఎవరూ కాదనరు; హర్యానాలోని నార్నౌల్‌లోనో, ఉజ్జయినిలో వేడుక జరిగినప్పుడో హాయిగా దూకవచ్చు. ఆ సరదా ఖర్చు నలుగురి దగ్గరా వసూలు చేసి దానికి దానమని పేరు పెట్టడమే దారుణం. స్కాట్లాండ్‌లోని టేసైడ్ వైద్యులు 1999లో ఈ లెక్క బయటపెట్టారు. అయిదేళ్లలో గాయపడి వచ్చిన 174 మందిలో నూటికి 94 మంది దానం పేరిట తొలిసారి దూకినవాళ్లే. మనిషికి సగటున పోగుచేసింది 30 పౌండ్లు. వాళ్లు తెచ్చిన ఒక్కో పౌండుకూ ప్రభుత్వ వైద్యానికి అయిన ఖర్చు 13.75 పౌండ్లు! విరిగిన కాళ్ల ఖర్చు ఊరి మీద రుద్ది, ఫొటో మాత్రం తమ గోడకు తగిలించుకున్నారన్నమాట.

వీళ్లందరూ శీతల్ మహాజన్‌ను చూసి నేర్చుకోవాలి. పుణె అమ్మాయి. 2004 ఏప్రిల్ 18న, సున్నాకు 37 డిగ్రీల దిగువన, ఉత్తర ధ్రువం మీద దూకింది. ఆమె జీవితంలో దూకడం అదే మొట్టమొదటిసారి. 2006లో దక్షిణ ధ్రువం. 2018లో థాయ్‌లాండ్‌లో తొమ్మిది గజాల చీర కట్టుకుని పదమూడు వేల అడుగుల నుంచి దూకింది. పత్రికలు చీర అందం గురించి రాశాయి. రాయాల్సింది ఆ చీర బిగువు గురించి. గాలికి ఒక్క కుచ్చు ఊడి పారాచూట్ పిడి మీద పడినా ప్రాణాపాయమే. అన్ని గజాల గుడ్డను హార్నెస్ కింద అణచి ఉంచడం మన అమ్మమ్మల గోచీకట్టుకు తీసిపోని నేర్పు. 2023లో ఎవరెస్ట్ ఎదుట 21,500 అడుగుల నుంచీ దూకింది. రైల్వే ఉద్యోగిని రేచల్ థామస్ 2002లోనే ఉత్తర ధ్రువం మీద దిగారు, అంతకు ముందే 1996లో వైమానిక దళానికి చెందిన సంజయ్ థాపర్ దిగారు, ఇద్దరికీ నమస్కారం. కానీ శీతల్‌కు సాటి శీతలే.

అండమాన్ యాత్ర జరగాలంటే అలాంటి చేతులు కావాలి. ఆర్కే బీచ్ ఇసుక మీద జెండాతో దిగి, పదవీ విరమణ చేసిన నౌకాదళ సాహసులు విశాఖ చుట్టుపక్కల ఎందరో ఉంటారు. వారిలో పదిమంది ముందుకు వస్తే, ఒక జనవరి ఉదయం స్వరాజ్ ద్వీప్‌లోని రాధానగర్ తీరాన, ఆటు వేళ, ఇసుకలో ఒక గుడ్డ వలయం పరిచి మొదలుపెట్టవచ్చు. తీరానికి అటొకటి ఇటొకటి, ఇంజన్ ఆపకుండా రెండు పడవలు ఉండాలి. శ్రీ విజయపురంలోని జంగ్లీఘాట్ తెలుగు బెస్తవాళ్లను అడిగితే పడవలకు కొదవేముంది?