ఛాయాచిత్రకళకు ఒక లక్షణగ్రంథము: ఆన్సెల్ ఆడమ్స్ పుస్తకత్రయము

ఏ కళకైనను లక్ష్యము ముందు, లక్షణము వెనుక. కవులు కావ్యములు వ్రాసిన పిమ్మటనే లాక్షణికులు బయలుదేరుదురు. ఛాయాచిత్రకళయు ఇందుకు భిన్నము కాదు. 1839లో ఆ విద్య లోకమునకు వెల్లడియైనది. వెలుగును కొలిచి, ఆ కొలతను చిత్రములోని ఛాయలతో ముడిపెట్టి, అభ్యాసకునకు అందునట్లు చెప్పిన ఒక పద్ధతి అమెరికాలో ఏర్పడుసరికి ఇంచుమించు నూరేండ్లు గడచినవి. ఆ పద్ధతికి జోను సిస్టమని పేరు. దానిని 1940 ప్రాంతమున లాస్ ఏంజిలిస్‌లోని ఆర్ట్ సెంటర్ పాఠశాలలో బోధించుచు ఏర్పరచినవారు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అను ఇరువురు. ఆడమ్స్ (1902–1984) దానిని తన పుస్తకములలో విస్తరించి వ్రాసిరి. ‘ది నెగెటివ్’ మొదట 1948లో వెలువడినది. పెక్కేండ్ల తరువాత రాబర్ట్ బేకర్ సహకారముతో తిరుగవ్రాసిన ‘ది కెమెరా’ 1980లోను, ‘ది నెగెటివ్’ 1981లోను, ‘ది ప్రింట్’ 1983లోను వచ్చినవి. నేడు అభ్యాసకులు చదువునది ఈ మూడింటినే.

మన యిండ్లలోని పిల్లలు కొందరు ఇప్పుడు అటకపైనుండి పాత కెమెరాను దింపి, ఫిల్ము వేసి, తామే ద్వారమును, వేగమును, దూరమును అమర్చుకొని చిత్రములు తీయ నేర్చుకొనుచున్నారు. వారికి ఎవరో ఒకరు ఈ పుస్తకములను చూపుదురు. వీనిని ఎంతవరకు నమ్మవచ్చును, మనము ఎచ్చట సవరించుకొనవలెను అనునదియే ఈ వ్యాసమునకు విషయము.

గ్రంథసారమును ముందు చెప్పుకొందము. వెలుగును కొలుచు మీటరునకు తన యెదుట ఉన్నది తెల్లని గోడయో, నల్లని గొంగళియో తెలియదు. దేనిని చూపినను దానిని నడిమి బూడిదరంగుగా, అనగా తనపై పడిన వెలుగులో నూటికి 18 పాళ్ళు తిప్పిపంపు వస్తువుగా భావించి లెక్క చెప్పును. ఆ లెక్కను అట్లే పాటించినచో తెల్లగోడయు బూడిద, నల్లగొంగళియు బూడిద. కావున మీటరు చెప్పినది తీర్పు కాదు, సాక్ష్యము మాత్రమే. తీర్పు చెప్పవలసినది చిత్రకారుడు. ఇందుకై ఆడమ్స్ కటికనలుపు మొదలు కాగితపు తెలుపు వరకు గల ఛాయలను సున్న మొదలు పది వరకు పదునొకండు జోనులుగా విభజించిరి. ఒక జోనునుండి పై జోనునకు పోవుటకు వెలుగు రెట్టింపు కావలెను. దీనినే ఫోటోగ్రాఫర్లు ఒక స్టాపు అందురు. నడిమి బూడిద అయిదవది. ఎదుటి వస్తువు ఏ జోనులో ఉండవలెనో ముందు మనసున నిశ్చయించుకొని, మీటరు చెప్పిన దానికి అన్ని స్టాపులు కలుపుటయో, తగ్గించుటయో చేయవలెను. పద్ధతి అంతయు ఇంతే. తక్కినది వ్యాఖ్యానము.

ఈ పద్ధతికి మూలమైన అనుభవము 1927 ఏప్రిల్ 10న కలిగినది. యోసెమిటీ లోయలోని హాఫ్ డోమ్ అను మహాశిల యెదుట నిలిచినప్పుడు ఆడమ్స్ వద్ద రెండు గాజుపలకలు మాత్రమే మిగిలియుండెను. ఒకదానిని పసుపు ఫిల్టరుతో తీసిరి. తీసిన వెంటనే, తన మనసున ఉన్న గంభీరమైన ఆకాశము అందులో రాదని తోచినది. మిగిలిన పలకను గాఢమైన ఎరుపు ఫిల్టరుతో తీసిరి. ఆకాశము దాదాపు నల్లనై, శిల దానిపై నిలిచినది. కన్ను చూచినదానిని గాక, కాగితముపై ఏమి కానవలెనో దానిని ముందే దర్శించుటను ఆయన ఆనాడు నేర్చుకొనిరి. చేతితో అమర్చుకొను కెమెరాతో నేర్చుకొనుటలోని అసలు ఫలము ఇదియే. ఫిల్ము తక్కువ గనుక ఓర్పు అలవడునని పలువురు చెప్పుదురు. అది సగము మాట. వేయి చిత్రములు పట్టు యంత్రమును చేతబట్టియు ఓర్పుతో ఉండవచ్చును. ఫిల్ము కెమెరా నేర్పునది వేరు: ఫలితము కంటబడకముందే నిర్ణయము చేయుట, ఆ నిర్ణయమునకు తానే బాధ్యుడగుట. చిత్రము చెడినప్పుడు యంత్రమును నిందించుటకు అవకాశము లేదు, ఏలయన యంత్రము మనము చెప్పినదే చేసినది.

ఈ శిక్షణ ఎట్టిదో 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ గ్రామమువద్ద తీసిన చంద్రోదయచిత్రము చెప్పును. సాయంకాలమున మోటారులో తిరిగివచ్చుచుండగా ఆడమ్స్‌కు ఆ గ్రామపు శ్మశానములోని తెల్లని శిలువలపై పొద్దువాలు వెలుగును, వెనుక కొండలపై చంద్రుడును కానవచ్చినవి. బండి ఆపి పెద్ద కెమెరాను నిలిపిరి. మీటరు ఎంత వెదకినను దొరకలేదు. చంద్రబింబపు ప్రకాశము చదరపు అడుగునకు 250 క్యాండిళ్ళని ఆయనకు జ్ఞాపకమున్నది. దానిని ఏడవ జోనులో ఉంచి, ఫిల్టరునకు మూడింతలు కలిపి, ఎఫ్ 32 ద్వారముతో ఒక సెకను అని లెక్కగట్టి తీసిరి. రెండవ పలకకు సిద్ధపడునంతలో శిలువలపై వెలుగు పోయినది. లక్షణము కంఠస్థమైనవానికే అట్టి క్షణము దక్కును. ఇది ఈ గ్రంథములకు గొప్ప సమర్థన.

అయితే కథ అంతటితో ముగియలేదు. ఆ నెగెటివులో ముందుభాగము పలుచగా ఉండి ప్రింటు వేయుట కష్టమాయెను. 1948లో ఆడమ్స్ ఆ భాగమును రసాయనముతో గట్టిపరచిరి. నాటి తొలి ప్రింట్లలో ఆకాశము బూడిదగా ఉండి మబ్బుతునకలు కనబడును; తరువాతి ప్రింట్లలో అది నల్లనై చంద్రుడొక్కడే వెలుగును. ఆడమ్స్ యౌవనమున పియానో విద్వాంసుడు కావలెనని సాధన చేసినవారు. నెగెటివు స్వరలిపి వంటిది, ప్రింటు కచేరీ వంటిది అని ఆయన చెప్పుచుండిరి. ఈ పోలిక మనకు సులభముగా అర్థమగును. తిరువయ్యూరులో పుట్టిన త్యాగరాజకీర్తనను నేడు పలుభాషలవారు పాడుచున్నారు. కీర్తన ఒక్కటే, పాడిన ప్రతిసారి అది వేరు. కాని పోలికకు ఒక హద్దు కలదు. గాయకుడు మనోధర్మముచేత లేని సంగతిని కల్పింపగలడు. నెగెటివులో వెండిరేణువు నిలువని చోట ప్రింటు వేయువాడు ఏ వివరమును కల్పింపలేడు. నీడలకు చాలినంత వెలుగునిమ్మని ఈ లాక్షణికుడు పదేపదే చెప్పుట ఇందుకే.

ఇక దోషములు. మొదటిది, ఈ శాస్త్రము విడి పలకలకై పుట్టినది. నీడలనుబట్టి వెలుగునిచ్చి, తెలుపులనుబట్టి డెవలప్ చేయవలెననునది ఇందలి సూత్రము. ఒక్కొక్క పలకను వేరుగా డెవలప్ చేయువానికి అది చెల్లును. మన చేతిలోని 35 మిల్లీమీటర్ల చుట్టలో 36 చిత్రములు ఒకే తొట్టెలో మునుగును. అందులో ఎండలోని దేవాలయము ఒకటి, దీపపు వెలుగులోని అవ్వ ఒకటి. ఇరువురికి ఒకే మందు, ఒకే కాలము. చుట్టవాడుకరులకు ఆడమ్స్ కొన్ని సూచనలు చేసిరిగాని, అవి సర్దుబాట్లే. అభ్యాసకుడు ఈ భాగమును చదివి దిగులుపడనక్కరలేదు.

రెండవది, ఈ గ్రంథములకు లక్ష్యములైన చిత్రములలో పెక్కింట కొండలు, చెట్లు, మేఘములు. కొండ మన లెక్క పూర్తియగువరకు నిలుచును, బిడ్డ నిలువదు. ఆడమ్స్‌కు సమకాలికుడైన ఆంరీ కార్టియే-బ్రెస్సాఁ 1932లో పారిస్‌లోని సాఁ లజార్ స్టేషను వెనుక నీటిమడుగును దాటబోవు మనిషిని గాలిలో ఉండగానే పట్టినారు. ఆయన చిన్న లైకాతో వీధులలో తిరిగినవారు. ప్రింట్లు వేయు పనిని ఇతరులకు విడిచినవారు. ఆయన మార్గమున చీకటిగది చిన్నది, క్షణము పెద్దది. మనుష్యులను తీయదలచినవాడు ఆడమ్స్ నొక్కరినే గురువుగా గొన్నచో, లెక్క సరిపోవుసరికి ఎదుటివారి నవ్వు ఆరిపోవును.

మూడవ దోషము మనకు మిక్కిలి ముఖ్యమైనది. జోనుల పట్టికలో ఎండలోని సామాన్య శ్వేతజాతీయుల చర్మమునకు ఆరవ జోనును నిర్దేశించిరి. కావున ముఖమునుండి కొలత తీసినవారు ఒక స్టాపు కలుపవలెను. ఈ సూత్రమును మన పెండ్లిపందిరికి అట్లే తెచ్చినచో చామనచాయ ముఖము దానికి లేని పాలిపోయిన తెలుపును పొందును. మధుపర్కముల తెలుపులో నేత అంతయు మాసిపోవును. పట్టికలో నల్లని చర్మమునకు అయిదవ జోనును చెప్పియున్నారుగాని అది ప్రక్కమాట. మనకు అదియే ప్రధానవిధి కావలెను. చామనచాయ ముఖమునకు దగ్గరగా మీటరును పట్టి, అది చెప్పిన లెక్కను మార్చకుండ పాటింపుడు. ముఖము అయిదవ జోనులో నిలుచును. అదే వెలుగులోని తెల్లబట్ట రెండు స్టాపులు పైబడి ఏడవ జోను దాపున, నేత కానవచ్చునట్లు నిలుచును.

దీనికి విపరీతముగా జరుగునదే మన పాత ఆల్బములలో తరచు కనబడును. మీటరును మధుపర్కములవైపు త్రిప్పినచో అది ఆ తెలుపును నడిమి బూడిదగా చేయజూచును. బట్ట అయిదవ జోనునకు దిగును. ముఖము దానితోపాటు మూడవ జోనునకు జారును. వధూవరుల బట్టలు చక్కగా వచ్చినవి, ముఖములు మసకలో మునిగినవి అని మనము చూచి నిట్టూర్చు చిత్రములలో కొన్నింటికి కారణమిది. అది చర్మపు దోషము కాదు, కొలత తీసిన చోటులోని దోషము. పందిరినీడలో వధువును, వెలుపలి ఎండలో బంధువులును ఉన్నప్పుడు చిక్కు ఇంకను పెరుగును. అప్పుడు వధువు ముఖమునకే లెక్కగట్టి, ఎండలోని తెలుపును వదలుకొనుట మేలు. ఏది వదలుకొనవలెనో తెలిసియుండుటయే ఈ విద్య.

మరియొక లోపమును చెప్పక తప్పదు. కొలతలను అంతగా బోధించిన ఆడమ్స్ తన చంద్రోదయచిత్రపు తేదిని వ్రాసికొనలేదు. ఏండ్ల తరబడి ఆ చిత్రమునకు వేరువేరు సంవత్సరములు చెప్పబడినవి. చివరకు చంద్రుని స్థానమునుబట్టి ఖగోళజ్ఞులు లెక్కగట్టి, 1991లో అది 1941 నవంబరు 1వ తేది అని తేల్చిరి. మన ఆల్బములలోని పెండ్లిళ్ళకు అట్టి చంద్రుడు సాక్షిగా ఉండడు. కావున అభ్యాసకుడు మొదటి చుట్టనుండియే ఒక చిన్న పుస్తకమున తేది, స్థలము, ద్వారము, వేగము, కొలత తీసిన చోటు, చిత్రములోనివారి పేర్లు వ్రాయుట అలవరచుకొనవలెను. ఒకే లెన్సు, ఒకే రకపు ఫిల్ము, ఒకే డెవలపరుతో పది చుట్టలు పూర్తిచేసి, ఆ పుస్తకమును నెగెటివులతో సరిచూచుకొన్నవాడు ‘ది నెగెటివ్’లోని సారమును పట్టుకొన్నట్లే. రసాయనముల సూత్రములు, పరీక్షల పట్టికలు పిమ్మట చదువుకొనవచ్చును.

చేతిలోని ఫోను క్షణములో ఇవన్నియు చేయుచుండగా ఈ శ్రమ ఏలయని అడుగువారుందురు. ఫిల్మును కొలుచు ఈ లాక్షణికుడు ఫిల్మునకు దాసుడు కాడు. ఎలక్ట్రానిక్ చిత్రమే రాబోవు పెద్ద ముందడుగని 1981 నాటి ‘ది నెగెటివ్’ పీఠికలోనే చెప్పి, దానికై ఎదురుచూచినవారాయన. ఉదకమండలమున 1960లో స్థాపితమైన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ మన దేశమునకు ‘ఇందు’ ఫిల్మును అందించి, తుదకు మూతపడినది. ఫిల్ము మరల రాజ్యమేలునని ఎవరును చెప్పరు. దానితో నేర్చిన తీర్పు మాత్రము ఏ యంత్రముతోనైనను పనికివచ్చును. ఫోనును మీటరు వలెనే ఒక సాక్షిగా చూచువాడు దానితోను మంచి చిత్రము తీయును.

ఈ గ్రంథములనుండి మన కుటుంబములు గ్రహింపవలసిన మాట ఇంకొకటి కలదు. బళ్ళారిలోనైనను, హోసూరులోనైనను, బరంపురములోనైనను, షోలాపురములోనైనను, యానాములోనైనను మన పెద్దలు ఎట్లు పెండ్లి చేసిరో, ఏ కట్టు కట్టిరో, ఏ వాకిట కూర్చుండిరో చెప్పు సాక్ష్యము చాలవరకు మన ట్రంకుపెట్టెలలోనే ఉన్నది. ఆల్బములోని ప్రింటును దాచి, నెగెటివులున్న కవరును చెత్తయని పారవేయుట మన యిండ్లలో తరచు జరుగుచున్నది. ఇది కచేరీని జ్ఞాపకముంచుకొని కీర్తనను పారవేయుట. ప్రింటులో నల్లబడిన అవ్వ ముఖము నెగెటివులో పలుచగానైనను మిగిలియుండవచ్చును. పలుచనైన హెర్నాండెజ్ నెగెటివును ఏడేండ్ల తరువాత సరిదిద్దుకొని అంతకంటె మంచి ప్రింట్లు వేసినారు గదా. ఆ కవరును వెలుగునకు ఎత్తి చూడుడు. చల్లని, తేమలేని చోట కాగితపు సంచులలో ఉంచుడు. పేర్లు తెలిసిన పెద్దలు ఉండగానే వ్రాయించుకొనుడు. కెమెరా నేర్చుకొను పిల్లకు తొలిపాఠముగా ఆ పాత నెగెటివులలో ఒకదానికి క్రొత్త ప్రింటు వేయు పనిని అప్పగించినచో, ఆడమ్స్ మూడు పుస్తకములలో చెప్పినదియు, చెప్పక విడిచినదియు ఆమెకు ఒక్కచోటనే తెలియును.