ఆగమన్నది ఎవరు?

నల్లగొండలో గానీ పాలమూరులో గానీ రిపేరు బల్ల ముందు కూర్చునేవాళ్లకు ఈ మాట కొత్త కాదు: "మా ఊర్ల టీవీ ఆగిపోతది సార్, మీ దుకాన్ల పెట్టంగనే మంచిగ నడుస్తది." తెచ్చినాయన చెప్పేది నిజమే. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. కరెంటు ఉండటం వేరు, లైను చివరి ఇంటికి 230 వోల్టులు చేరడం వేరు. యాసంగిలో బోరు మోటర్లన్నీ ఒక్కసారి నడిస్తే ఆ ఇంట్లో వోల్టేజీ పడిపోతుంది. టీవీకి కావలసిన పవర్ మాత్రం తగ్గదు. తగ్గిన వోల్టేజీకి బదులుగా టీవీలోని పవర్ సప్లై ఎక్కువ కరెంటు లాగాలి.

230 వోల్టుల ఏసీ డీసీగా మారితే పెద్ద కెపాసిటర్ మీద దాదాపు 325 వోల్టులు నిలుస్తాయి. ఆ కెపాసిటర్ ఎండితే ఏసీ ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య వోల్టేజీ బాగా దిగజారుతుంది. పట్నం కరెంటులో ఈ లోపం బయటపడదు. వోల్టేజీని పెంచి తగ్గించే వేరియాక్‌తో 160 వోల్టులకు దించితే దుకాణంలోనే దొరుకుతుంది.

ఐసొలేటెడ్ సప్లైలో చిక్కంతా రెండు వైపులతో వస్తుంది. కరెంటు వైపుకూ మనం ముట్టుకునే వైపుకూ నడుమ తీగ ఉండదు. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా అయస్కాంతంతో దాటుతుంది, కబురు ఆప్టోకప్లర్ గుండా వెలుతురుతో వెనక్కి వస్తుంది. ఒక వైపు ఆగితే కారణం రెండో వైపు ఉండొచ్చు. మీటరు నల్ల తీగ ఏ వైపు కొలిస్తే ఆ వైపు గ్రౌండుకే పెట్టాలి, లేకుంటే అంకె తప్పు చెబుతుంది. ఆసిలోస్కోపు ఎర్త్ క్లిప్పును కరెంటు వైపు నేరుగా తగిలిస్తే అంకె దాకా కూడా పోదు, ఫ్యూజు ఎగిరిపోతుంది. బోర్డుకు ముందు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. వేరియాక్ ఆ పని చేయదు.

ఇక టిక్ టిక్‌మంటూ లైటు వెలిగి ఆరే బోర్డులు. సప్లైని నడిపే యూసీ3842 చిప్పునే తీసుకుందాం. స్టార్టప్ రెసిస్టర్ ఒక చిన్న కెపాసిటర్‌ను మెల్లగా నింపుతుంది. 16 వోల్టులకు చిప్పు లేస్తుంది, 10కి దిగితే పడుకుంటుంది. లేచిన వెంటనే ట్రాన్స్‌ఫార్మర్‌లోని అదనపు చుట్టు దాన్ని పోషించాలి. అంతదాకా చిప్పును నిలబెట్టాల్సింది ఆ చిన్న కెపాసిటరే. అది ఎండితే చిప్పు మళ్లీ పడుకుంటుంది. అవుట్‌పుట్ డయోడ్ షార్టయినా ఇదే టిక్ టిక్, ఎందుకంటే అప్పుడు అదనపు చుట్టులోనూ వోల్టేజీ లేవదు. చప్పుడు ఒకటే, జబ్బులు రెండు. ప్లగ్ తీసి, పెద్ద కెపాసిటర్‌ను ఖాళీ చేసి డయోడ్ కొలిస్తే రెండోది తేలుతుంది. పొద్దున చల్లగా లేవని బోర్డు హెయిర్ డ్రయ్యర్ వేడికి లేస్తే కెపాసిటర్ మీదే అనుమానం. వేడెక్కాక ఆగేదైతే పగిలిన సోల్డర్‌నూ చూడాలి. మే నెలలో రేకుల కింద పనిచేసే బోర్డుల్లో కెపాసిటర్లు తొందరగా ఎండటంలో వింత లేదు. పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు ఇంచుమించు సగమవుతుంది.

ఇంత వెతుకులాట ఎందుకని కొందరు దగ్గరి దారి పడతారు. మాస్‌ఫెట్ కింద ఒక చిన్న సెన్స్ రెసిస్టర్ ఉంటుంది. దాని మీద 1 వోల్టు దాటితే చిప్పు ఆ విడతకు కరెంటు ఆపేస్తుంది. ఆ రెసిస్టర్ విలువ తగ్గిస్తే బోర్డు ఆగకుండా నడుస్తుంది. ఫ్యూజు పోతోందని లావు తీగ చుట్టడం లాంటిదే ఇది. తీగ మిగులుతుంది, మోటరు కాలుతుంది. ఇక్కడ మాస్‌ఫెట్ పేలుతుంది, ఒక్కోసారి చిప్పునూ వెంట తీసుకుపోతుంది.

సప్లై ఆగిందంటే చాలాసార్లు అది చెడిపోలేదు, తన పని చేసింది. దాన్ని ఆగమన్నది తక్కువ వోల్టేజీయా, ఎక్కువ కరెంటా, వేడియా అన్నదే మనం తేల్చాలి. అందుకే బోర్డు విప్పకముందే ఏ వేళ ఆగుతోందో, అప్పుడు మోటర్లు నడుస్తున్నాయో లేదో అడిగి రాసుకోవడం మంచిది. మీటరు చూపించని సగం సంగతి తెచ్చినాయనకే తెలుసు.