అమరికలోనే ఉంది అందమంతా

క్రోమియం ట్రైఅయొడైడ్ స్ఫటికం పైకి చూస్తే నల్లగా మెరిసే పలుచటి రేకు, అంతే. గాలి తగిలితే కాసేపట్లోనే పాడైపోయేంత సుకుమారం. ఇది అర్ధవాహకం, పైగా అయస్కాంతం. ఆ రెండూ ఒకచోట కుదరడమే అరుదు. దీని సొగసు మాత్రం కంటికి అందదు. పరమాణువుల కొలువులోకి దిగాల్సిందే.

ఒక్క పొరను తీసుకుందాం. నడుమ క్రోమియం పరమాణువులు తేనెపట్టు గదుల్లా షడ్భుజాలు కట్టి పరుచుకుంటాయి. పైన ఒక అయొడిన్ వరస, కింద ఒకటి. ప్రతి క్రోమియం చుట్టూ ఆరు అయొడిన్లు. క్రోమియంలో జత దొరకని ఎలక్ట్రాన్లు మూడు. అయస్కాంతత్వమంతా వాటి చలవే. అయితే పక్కపక్క క్రోమియంలను వాటి మానాన వదిలేస్తే ఎడమొహం పెడమొహం అవుతాయి. వాటిని ఒకే దిక్కుకు తిప్పేది నడుమనున్న అయొడిన్. ఒక క్రోమియం నుంచి అయొడిన్ మీదుగా రెండోదానికి వెళ్ళే దారి 90 డిగ్రీలకు కాస్త అటుగా మలుపు తిరుగుతుంది. సయోధ్య కుదిర్చేది ఆ మలుపే! అదే దారి 180 డిగ్రీలతో తిన్నగా సాగితే ఈ క్రోమియంలకు మళ్ళీ వైరమే. గుడినఫ్, కనమోరి అనే శాస్త్రవేత్తలు 1950లలోనే ఈ లెక్క తేల్చారు.

అయొడిన్ చేసే రెండో పని నాకు ఇంకా ముచ్చట. ఎలక్ట్రాన్ల స్పిన్‌లకు, అంటే వాటిలోని బుల్లి అయస్కాంత సూదుల్లాంటి గుణానికి, అన్ని దిక్కులూ సమానమే అయితే, పొర మందాన ఉన్న పదార్థంలో అయస్కాంత క్రమం నిలవదనీ, ఏ కాస్త వేడికైనా చెదిరిపోతుందనీ మెర్మిన్, వాగ్నర్ అనే శాస్త్రవేత్తలు 1966లో నిరూపించారు. అయొడిన్ బరువైన పరమాణువు. అందులో ఎలక్ట్రాన్ స్పిన్‌కూ, కక్ష్యలో దాని కదలికకూ ముడి గట్టిది. ఆ ముడి వల్లే పొరలోని స్పిన్‌లకు ఒక దిక్కు మీద మక్కువ: పొరకు నిలువుగా. తాను అయస్కాంతం కాకుండానే అయస్కాంతాన్ని నిలబెడుతుంది అయొడిన్. మన ఆలంకారికులు చూస్తే దీన్ని ఔచిత్యమనే అనేవారు.

2017లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, ఎంఐటీ పరిశోధకులు జిగురు టేపుతో పొరలు ఒలిచి పరీక్షించారు. ఒక్క పొర, 45 కెల్విన్‌ల దాకా అయస్కాంతం. రెండు పొరలు, సున్నా. మూడు పొరలు, మళ్ళీ అయస్కాంతం! రెండు పొరలున్నప్పుడు ఒకటి పైకీ ఒకటి కిందికీ చూస్తున్నాయన్నమాట. మరి పెద్ద స్ఫటికంలో పొరలన్నీ ఒకే దిక్కుకు ఎందుకు చూస్తాయి?

కిటుకు పొరల పేర్పులో ఉంది. పెద్ద స్ఫటికాన్ని చల్లబరిస్తే పొరలు కాస్త పక్కకు జరిగి కొత్త పేర్పులో కుదురుకుంటాయి. ఒలిచిన పలుచటి రేకులు మాత్రం గది వేడిలో ఉన్న పేర్పును వదలవు. తేడా కొద్ది ఆంగ్‌స్ట్రామ్‌లే. పొరలో ఏ పరమాణువూ మారలేదు, ఏ బంధమూ తెగలేదు. అదే కీర్తన, అదే తాళం; ఎడుపు మారేసరికి నడకే వేరైనట్టుంది.

పేర్పును బట్టే దిక్కు మారుతుందన్నది ఊహ కాదని 2019లో రుజువైంది. రెండు పొరల రేకును వాతావరణ పీడనానికి వేల రెట్ల ఒత్తిడితో అదిమితే పొరలు జరిగాయి, రెండూ ఒకే దిక్కుకు తిరిగాయి. ఒత్తిడి తీసేశాక కూడా అవి పాత పేర్పుకు వెళ్ళలేదు; అయస్కాంతంగానే ఉండిపోయాయి.