ధిక్కార గీతం ఎవరిని పిలుస్తుంది?



ఒక పాట అధికారాన్ని ధిక్కరించిందని ఎలా గుర్తిస్తాం? అందులో తిట్లు ఉన్నందువల్లనా, ఆవేశం ఉన్నందువల్లనా? ఈ భాగంలో మరో కొలమానాన్ని పరిశీలిద్దాం. పాట ఎవరిని పిలుస్తున్నది, ఏమని పిలుస్తున్నది అని అడుగుదాం. వ్యాకరణంలో మీరు చదివిన సంబోధన ఇక్కడ విమర్శకు పనికొస్తుంది.

1. దేవుణ్ణి నిలదీసిన కీర్తన

తిరుమలాయపాలెం వైపు నుంచి చదువుతున్నవారికి అదే ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి తెలిసిన ఊరే. 17వ శతాబ్దానికి చెందిన కంచర్ల గోపన్నది ఆ ఊరు. ప్రభుత్వానికి చెందిన పన్ను సొమ్ముతో భద్రాచలంలో రామాలయం కట్టించాడన్న అభియోగంపై ఆయన గోల్కొండలో ఖైదు అనుభవించాడు. ‘ఇక్ష్వాకు కుల తిలక’ కీర్తనలో నగలకైన ఖర్చు ఏకరువు పెట్టి రాముణ్ణి దెప్పుతాడు. దెబ్బలకు ఓర్వలేక తిట్టానని అదే కీర్తనలో మన్నింపు కోరతాడు.

గమనించండి: ఖైదు చేసింది తానీషా ప్రభుత్వం, నిలదీసింది రాముణ్ణి. దేవుణ్ణి ‘నువ్వు’ అనడానికి, నిందించడానికి కూడా భక్తి సంప్రదాయంలో చోటుంది. కనుక ఈ కీర్తనలో ఆర్తి గొప్పదే గాని, ధిక్కారం సంప్రదాయం గీసిన గీత దాటలేదు.

2. పసులకాపరిని పలకరించిన పాట

ఇప్పుడు ఇరవయ్యో శతాబ్దానికి వద్దాం. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడేవరకు ఈ ప్రాంతం వరంగల్ జిల్లాలో భాగం. 1948 వరకు నిజాం ఏలుబడి. దొర ఎదుట ‘నీ బాంచన్, కాల్మొక్త’ అనడమే ఆనాటి సంబోధన. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య బలి కావడంతో రాజుకున్న పోరాటం 1951 వరకు సాగింది.

ఆ పోరాట కవి సుద్దాల హనుమంతు ‘పల్లెటూరి పిల్లగాడా’ పాటలో దొరను పిలవలేదు; పసులు కాచే బాల జీతగాణ్ణి పిలిచాడు. చలికి ఆగని చినిగిన అంగీ గురించి, కూలిగా కొలిచే తాలు గింజల గురించి అడుగుతాడు. దొర దృష్టిలో పేరు కూడా అక్కరలేని పిల్లవాడు ఇక్కడ పాటకు నాయకుడు. ఇందులో తిట్టు లేదు. అయినా ఎవరిని చూడాలో, ఎవరి కష్టం లెక్కించాలో తేల్చే హక్కును దొర చేతిలోంచి లాక్కున్నది.

3. ప్రభువును ‘నువ్వు’ అన్న పాట

బండి యాదగిరి పాట ‘బండెనక బండి కట్టి’ నేరుగా నిజాం ప్రభువునే పిలుస్తుంది. ఏకవచనంలో, తూలనాడుతూ, ఇక ఎటు పారిపోతావని అడుగుతుంది. ‘బాంచన్’ అన్న నోటితోనే ‘నువ్వు’ అనడం సర్వనామంలో జరిగిన తిరుగుబాటు. గోపన్నలా ఈ పాట చివర మన్నింపు కోరదు.

4. మూల్యాంకన

ఇవి నినాదాలే గాని సాహిత్యం కాదన్న ఆక్షేపణ ఉంది. చదివితే అలా తోచవచ్చు, ఎందుకంటే వీటి బలం సగం బాణీలో ఉంది. ప్రజాకవులు కొత్త సంగీతాన్ని కనిపెట్టలేదు. హనుమంతు గొల్లసుద్దుల వంటి జానపద రూపాలను తీసుకున్నాడు. తెలిసిన బాణీ కనుక వినేవారు వంత అందుకోగలరు. ఒకరి గొంతు నొక్కినా పాట ఆగదు.

ఈ రెండు పాటలూ 1979 నాటి ‘మా భూమి’ సినిమాలో చేరాయి. బండెనక బండి పాటను గద్దర్ పాడారు. అప్పటికి నిజాం లేడు. పిలవవలసిన ప్రభువు లేనప్పుడు ధిక్కార గీతం ఏమవుతుంది? వినేవారు తమ కాలపు దొరను ఆ స్థానంలో ఊహించుకుంటే బతుకుతుంది. కాకపోతే జ్ఞాపకంగా మిగులుతుంది. అదే బాణీలో ఏలేవారిని ‘మీరు’ అని పొగిడితే, బాణీ ఉంటుంది గాని ధిక్కారం ఉండదు.

అభ్యాసం: మీ ఊళ్లో నాట్లప్పుడో సభల్లోనో పాడే ఒక పాటను రాసుకోండి. అది ఎవరిని, ఏ సర్వనామంతో పిలుస్తున్నదో పది వాక్యాల్లో వివరించండి.