చేప తినేదే ఎర

తుళ్లూరు నల్లరేగడిలో పత్తి, మిరప పండిన ఊరు. ఉత్తరంగా రాయపూడి, బోరుపాలెం, ఉద్దండరాయునిపాలెం వైపు వెళితే కృష్ణ ఒడ్డు. 1855లో పూర్తయిన ఆనకట్ట వల్ల, తర్వాత దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ వల్ల ఇక్కడ నది పారేదానికన్నా నిలిచేదే ఎక్కువ. నిలిచిన నీళ్లు గాలం వేసేవాళ్లకు అనుకూలం. వెదురు కర్ర, టంగూసు దారం, సీసం గుండు, బెండు, గాలం ఎవరి దగ్గరైనా దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే ఒడ్డున కలిసిన ఇద్దరు కర్ర సంగతి మాట్లాడుకోరు. ‘ఏం ఎర పెట్టావు?’ అన్నదే మొదటి ప్రశ్న.

ఎర అంటే అసలు అర్థం తిండి. పిట్ట తన పిల్లల నోటికి అందించేది ఎర, పాముకు చిక్కిన కప్ప ఎర. తమిళంలో ఇరై, మలయాళంలో ఇర, కన్నడంలో ఎరె దీని తోబుట్టువులు. వానపామును కన్నడిగులు ఎరెహుళు అంటారు, మలయాళీలు ఇర అనే అంటారు, మనం ఎర్ర అంటాం. రంగును బట్టి ఆ పేరు వచ్చిందని చాలామంది అనుకుంటారు గానీ, ఈ భాషలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే దాని చుట్టరికం ఎరతోనే అనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్ల బెయిట్ అనే మాట పాత నార్స్ భాష నుంచి వచ్చింది, దానికి మూలార్థం కరిపించడం. అది వేటగాడు చేసే పని. మన మాట చేప ఆకలి వైపు నుంచి పుట్టింది.

గాలం కూడా ఇంటి మాటే, కన్నడంలో గాళ. అమరకోశం బడిశం అని నేర్పినా రేవుల్లో నిలిచింది గాలమే. బెండుకు దాన్ని చేసిన వస్తువే పేరయింది. పెళ్లి బాసికాలకు వాడే జీలుగు బెండు నీళ్లలో మునగదు. పిల్లలకు జొన్నదంటులోని బెండు చాలు. ఇప్పుడు థర్మోకోల్ ముక్క కట్టినా అది బెండే.

ఏ చేపకు ఏ ఎర అన్నదే ఈ విద్యలో పెద్ద పాఠం. పరిగెలకు చిన్న గాలం, అన్నం మెతుకు చాలు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసులకు పిండి ముద్ద కావాలి. దోరగా వేయించిన తవుడులో తెలకపిండి గానీ వేరుశనగ చెక్క గానీ కలిపి, జిగురు కోసం గోధుమపిండి వేసి, నీళ్లు చిలకరిస్తూ పిసుకుతారు. ముద్ద మరీ గట్టిపడితే చేప నోట గాలం దిగదు, మెత్తబడితే నీళ్లలో విడిపోతుంది. ముందుగా గుప్పెడు పిండి నీళ్లలో చల్లి చేపల్ని ఆ చోటికి అలవాటు చేస్తారు. తర్వాత లోతు చూసుకోవాలి. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, పై నీళ్లలోనే మేస్తుంది. శీలావతి నడిమి నీళ్లలో, ఎర్రమోసు అడుగున మేస్తాయి. బెండును దారం మీద పైకీ కిందికీ జరిపితే ఎర ఆ చేప ఉన్న లోతుకు దిగుతుంది.

జెల్ల, మార్పు అడుగు బురదలో, ఎక్కువగా రాత్రిపూట మేస్తాయి. వాటి మీసాలకు రుచి తెలుస్తుంది, చీకట్లో కంటితో పని లేదు. వాటికి వానపామే సరైన ఎర. గాలం కనపడకుండా పొడవునా గుచ్చి, కొస మాత్రం మెలికలు తిరిగేలా వదులుతారు. వాలుగ చేపల్నే తినే చేప కనుక చిన్న చేపను గుచ్చాలి. కొరమీను గాలి పీల్చడానికి పైకి వస్తుంది, తూటికాడ నీడన పొంచి ఉంటుంది. బతికున్న కప్పపిల్లను వీపు చర్మం కింద గుచ్చి నీటి మీద ఆడిస్తే ఎగిరి అందుకుంటుంది.

ఎర సంపాదించడానికి ఊరి నేల కూడా తెలియాలి. ఎండాకాలం రేగడి నెర్రెలు విచ్చితే వానపాములు లోతుకు పోతాయి. అప్పుడు పెంటదిబ్బ అంచున, బోరు కాలవ పక్కన, లంకల్లోని అరటితోటల్లో వెతకాలి. దొరికినవాటిని తడిమట్టితో కొబ్బరిచిప్పలో ఉంచుతారు. పత్తికి మందు కొట్టిన చేతులతో ఎర ముట్టకూడదు. ఆ వాసన చేపకు తెలుస్తుంది.

దీన్ని పనిలేనివాళ్ల కాలక్షేపమని తీసిపారేయడం తప్పు. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు సంస్కృతంలో కూర్చిన మానసోల్లాసంలో మత్స్యవినోదమనే భాగమే ఉంది. కర్ర, దారం, గాలంతోపాటు ఏ చేపకు ఏ మేత పెట్టాలో కూడా అందులో చెప్పారు. ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ గాలపు వేట మీద రాసిన పేరుపొందిన పుస్తకం 1653లో గానీ రాలేదు. రాజు గ్రంథానికి ఎక్కించిన విద్యను మన ఒడ్డున పల్లెకారులు, యానాదులు చదువుతో పని లేకుండా తరతరాలుగా మోసుకొచ్చారు. చేప నోరెటు తిరిగి ఉందో, ఏ వేళ మేస్తుందో, ఏ నీడన దాగుతుందో వాళ్లకు తెలుసు. ఆ తెలివి నదిని కాపాడేది కూడా. గాలం ఒక్కొక్క చేపనే పడుతుంది. మందు కలిపినా, కరెంటు పెట్టినా పిల్లాజెల్లా అన్నీ చస్తాయి. కొరమీను తన పిల్లల గుంపుకు కాపలా కాస్తుంది. ఆ సమయంలో దాన్ని పడితే పిల్లలన్నీ దిక్కులేనివవుతాయి. అలాంటి చోట గాలం వేయకపోవడం కూడా ఈ విద్యలో భాగం కావాలి.

2015 నుంచి రాష్ట్ర రాజధాని కోసం తుళ్లూరు పొలాలు రూపు మార్చుకున్నాయి. పొలం, కాలవ, దిబ్బ మారితే వాటిని నమ్ముకున్న ఎర మాటలూ వాడుక తప్పుతాయి. కృష్ణ ఒడ్డు బడుల్లో పిల్లలకు ఒక పని అప్పగించాలి. తాతల్ని, మామయ్యల్ని అడిగి, చేప పేరు, దాని ఎర, అది మేసే లోతు, దొరికే కాలం రాయించాలి. ఏ ఊరి మాట ఆ ఊరిదిగానే రాయాలి, ఒకటే సరైనదని దిద్దకూడదు. అలా తయారైన పుస్తకం తెలుగు పాఠానికీ, జీవశాస్త్రానికీ పనికొస్తుంది. ఆ విద్య తెలిసినవాళ్లు మన మధ్య ఉండగానే ఆ పని మొదలుపెట్టాలి.